సదరంలో పడే ఒక్క మాట: పద్దెనిమిది దాటిన తమ్ముడికి గార్డియన్ సర్టిఫికెట్

మన పక్క ‘మానసిక వికలాంగుడు’ అనే మాటను ఇద్దరికి వాడతాం. పుట్టుకతోనే బుద్ధి ఎదగని పిల్లోడినీ అదే మాటతో పిలుస్తాం, పాతికేళ్ల వయసులో మనసు చెదిరిన మనిషినీ అదే మాటతో పిలుస్తాం. చట్టం దగ్గరికి వచ్చేసరికి ఈ ఇద్దరి దారులు పూర్తిగా వేరు. మొదటివాళ్లకు గార్డియన్‌ను జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీ నియమిస్తుంది. వకీలు అక్కర్లేదు, ఖర్చంతా జిరాక్సులు, నోటరీ, ఆటో ఛార్జీలు. రెండోవాళ్ల ఫైలును ఆ కమిటీ ముట్టుకోలేదు. వాళ్లు వికలాంగుల హక్కుల చట్టం (2016) 14వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకో, ప్రభుత్వం నియమించిన అధికారి దగ్గరికో పోవాలి.

నువ్వు ఏ దారిలో పోవాలో తేల్చేది సదరం సర్టిఫికెట్‌లో, అంటే వైకల్యం ఏదో, ఎంత శాతమో తేల్చి ప్రభుత్వ ఆస్పత్రి ఇచ్చే కాగితంలో, వైకల్యం రకం అన్న గడి. మా తమ్ముడికి చిన్నప్పుడు ఒక శిబిరంలో ఇచ్చిన సర్టిఫికెట్‌లో ఆ గడిలో ‘మెంటల్ ఇల్‌నెస్’ అని పడింది. పడాల్సింది ‘మెంటల్ రిటార్డేషన్’, ఇప్పటి మాటలో ‘ఇంటెలెక్చువల్ డిజబిలిటీ’. పింఛను వస్తా ఉంది కాబట్టి ఇన్నేళ్లూ ఎవరం ఆ గడిని చూడలేదు. గార్డియన్ ఫైలు పెట్టే రోజు వచ్చాకే అది బయటపడింది. అనంతపురంలో ఈ పని మొదటి నుంచి చివరి దాకా ఎట్ల నడిచిందో, ఏ కాగితం దగ్గర ఎందుకు ఆగిందో వరసగా రాస్తున్నాను.

ఎవరికి, ఎందుకు

ఈ లోకల్ లెవెల్ కమిటీని పెట్టిన నేషనల్ ట్రస్ట్ చట్టం 1999లో వచ్చింది. అది నాలుగు రకాల వాళ్లకే: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు కలిసి ఉన్నవాళ్లు. చూపు లేనివాళ్లు, వినికిడి లేనివాళ్లు, పోలియో వచ్చినవాళ్లు దీని కిందికి రారు. వాళ్ల సంతకం వాళ్లే పెట్టుకోగలరు కాబట్టి గార్డియన్ అవసరమే ఉండదు.

పద్దెనిమిది నిండేదాకా తల్లిదండ్రులే సహజ సంరక్షకులు. నిండిన రోజు నుంచి చట్టం లెక్కలో ఆ పిల్లోడు మేజర్. బుద్ధి అయిదేళ్ల పిల్లాడిదైనా సరే, అతని తరఫున సంతకం పెట్టే హక్కు కన్నతల్లికి కూడా ఉండదు. ఇది చాలా ఇళ్లలో తెలియదు. తెలిసేది మూడు చోట్ల. బ్యాంకులో మైనర్ ఖాతాను మేజర్ ఖాతాగా మార్చమన్నప్పుడు ఒకసారి. తాత రాసిచ్చిన పొలమో స్థలమో ఆ పిల్లోడి పేరు మీద ఉండి, దానికి ఏదైనా చేయాల్సి వచ్చినప్పుడు ఇంకోసారి. తండ్రి ప్రభుత్వ ఉద్యోగి అయితే, తల్లిదండ్రుల తర్వాత ఆ బిడ్డకు రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ కాగితాల దగ్గర మూడోసారి. ఈ మూడోది అన్నిటికంటే పెద్ద మొత్తం. నాయన బతికి ఉండగానే ఈ పని చేసి పెట్టుకోవాలి.

ఎన్టీఆర్ భరోసా పింఛను ఒక్కటే వస్తున్న ఇళ్లకు గార్డియన్ సర్టిఫికెట్ తొందరేం లేదు. ఆ డబ్బు ఒకటో తేదీన సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి చేతికిస్తాడు, బ్యాంకుతో పని పడదు. ఎవరో చెప్పారని అందరూ పరిగెత్తాల్సిన పని కాదిది.

ముందు ఆధార్

అన్నిటికీ అడుగున ఉండేది ఆధార్. సదరం స్లాట్‌లో, అంటే ఆస్పత్రి పరీక్షకు ముందుగా బుక్ చేసుకునే తేదీ కాగితంలో, పేరు, పుట్టిన తేదీ అక్కడి నుంచే వస్తాయి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉండి, స్కూలు సర్టిఫికెట్‌లో వెనక ఉంటే అది ఇప్పుడే సరిచేసుకోవాలి. సదరం వచ్చాక ఆధార్ మారిస్తే సదరంలో పాత పేరు అట్లనే ఉండిపోతుంది, మళ్లీ అర్జీ, మళ్లీ తిరుగుడు.

అయిదేళ్లకు, పదిహేనేళ్లకు వేలిముద్రలు, కంటిపాప మళ్లీ తీయించాలి. మన పిల్లల విషయంలో పదిహేనేళ్లది ఎక్కువగా మిగిలిపోతుంది. వేళ్లు చాపరు, కళ్లు నిలపరు, మిషను మోత వింటేనే లేచిపోతారు. రద్దీ లేని రోజు పొద్దున్నే తీసుకుపోయి, ముందు ఒకసారి ఊరికే కూర్చోబెట్టి, కొంచెంసేపాగి తీయించడం మేలు. వేళ్లు ముడుచుకుపోయి నిజంగానే రాకపోతే ‘బయోమెట్రిక్ ఎక్సెప్షన్’ కింద నమోదు చేయవచ్చు. ఆపరేటర్లలో కొందరికి అది చేయడం అలవాటు ఉండదు. ఆ మాట మనమే పేరు పెట్టి అడగాలి.

సదరం స్లాట్: తప్పు పుట్టేది ఇక్కడే

స్లాట్ సచివాలయంలోనో మీసేవలోనో బుక్ చేస్తారు. స్లాట్లు విడతలుగా తెరుస్తారు, తెరిచిన కాసేపటికే అయిపోతుంటాయి. తెరిచే రోజు ముందే కనుక్కొని, ఆధార్, ఫోన్ పట్టుకొని కౌంటర్ దగ్గర ఉండాలి. ఆధార్‌కు ముడిపడిన ఫోన్ ఇంట్లో వదిలిపోతే ఓటీపీ దగ్గర ఆగిపోతుంది. ఆ లోపల స్లాట్ పోతుంది.

బుక్ చేసేటప్పుడు వైకల్యం రకం ఎంచుకోవాలి. ‘మానసిక వైకల్యం సార్’ అని మనం అంటాం. ఆపరేటర్ తెర మీద ‘మెంటల్’ అని మొదలయ్యేవి రెండు కనిపిస్తాయి. ఏదో ఒకటి నొక్కుతాడు. రెండింటినీ ఆస్పత్రిలో చూసేది సైకియాట్రీ విభాగమే కాబట్టి అక్కడా ఎవరికీ అనుమానం రాదు. మా తమ్ముడి పాత కాగితంలో జరిగింది ఇదేనని నా లెక్క. అందుకే స్లాట్ దగ్గర ‘బుద్ధిమాంద్యం’ అనాలి, ‘ఇంటెలెక్చువల్ డిజబిలిటీ’ అని చీటీ మీద రాసి ఇస్తే ఇంకా మంచిది. రసీదు చేతికొచ్చాక ఆ గడి చదివి, తప్పుంటే అక్కడికక్కడే మార్పించాలి.

ఇంకో లెక్క వయసుది. 2018 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం బుద్ధిమాంద్యం సర్టిఫికెట్‌ను అయిదు, పది, పద్దెనిమిది ఏళ్ల దగ్గర తిరిగి తీసుకోవాలి. పద్దెనిమిదిలో ఇచ్చిందే జీవితాంతం చెల్లుతుంది. కొందరు తొందరపడి పదిహేడేళ్ల పది నెలలకు పోతారు. వాళ్లకు మళ్లీ గడువున్న సర్టిఫికెటే వస్తుంది. పుట్టినరోజు దాటనిచ్చి స్లాట్ తీసుకుంటే ఒక్క తిరుగుడుతో పోతుంది. లోకల్ లెవెల్ కమిటీ కూడా పద్దెనిమిది నిండినవాళ్లకే గార్డియన్‌ను ఇస్తుంది కాబట్టి ఈ రెండూ ఒకే వరసలో పడతాయి.

ఆస్పత్రిలో

మాకు అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి పడింది. తీసుకుపోవాల్సినవి: ఆధార్, స్లాట్ రసీదు, పాత సదరం, చిన్నప్పటి నుంచి ఉన్న వైద్యం కాగితాలు, ఫిట్స్ మందులు వాడుతుంటే ఆ చీటీలు, స్పెషల్ స్కూలు కాగితం. ప్రత్యేక అవసరాల పిల్లలకు ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల ప్రత్యేక పాఠశాలకో పోయిన పిల్లలైతే అక్కడి టీచర్ రాసిచ్చిన ప్రగతి నివేదిక చాలా పనికొస్తుంది. డాక్టర్ చూసే పది నిమిషాల్లో కనిపించనిది అందులో ఉంటుంది.

అక్కడ చేసే పరీక్షలో ప్రధానమైనది తల్లిని అడిగే ప్రశ్నల జాబితా. వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్ అంటారు, భారతదేశానికి తగ్గట్టు మార్చింది. అన్నం కలుపుకుంటాడా, గుండీలు పెట్టుకుంటాడా, స్నానం తనంతట తానే చేస్తాడా, వీధి చివర అంగడికి ఒక్కడే పోయి వస్తాడా, ఇరవై రూపాయల నోటిస్తే చిల్లర ఎంత రావాలో తెలుసా... ఇట్లాంటివి. దానికి తోడు చెక్క పలకలో ఆకారాలు అమర్చే పరీక్షో, తెలివితేటల పరీక్షో చేస్తారు.

తల్లులు తప్పేది ఇక్కడ. కొందరు అమ్మలు పరాయివాళ్ల ముందు కొడుకును తక్కువ చేయలేక ‘అన్నీ వాడే చేసుకుంటాడు సార్’ అంటారు. చొక్కా వేసుకునేది వాడే, నిజమే, కానీ తిరగేసి వేసుకుంటే సరిచేసేది ఎవరు? స్నానం వాడే చేస్తాడు, నీళ్లు తోడి, సబ్బు చేతికిచ్చి, పక్కన నిలబడేది ఎవరు? అది చెప్పాలి. ఇంకొందరు పక్కింటివాళ్లు నేర్పినట్టు ‘ఏమీ రాదు’ అంటారు. అంతలో పిల్లోడు లేచి నీళ్ల బాటిల్ మూత తీసుకొని తాగుతాడు. ఒక జవాబు అబద్ధమని తేలితే మిగతా జవాబుల మీదా నమ్మకం పోతుంది. ముందు రోజు రాత్రి ఇంట్లో కూర్చొని, పొద్దున లేచినప్పటి నుంచి పడుకొనేదాకా వాడు ఏది సొంతంగా చేస్తాడు, దేనికి చెప్పాలి, దేనికి చేయి పట్టాలి అని మూడు వరసలుగా రాసుకొని పోయాం. అమ్మ ఆ కాగితం చూసుకుంటూ జవాబు చెప్పింది.

వచ్చిన స్కోరును శాతంగా మార్చే పద్ధతి స్థిరంగా ఉంటుంది. 55 నుంచి 69 వస్తే స్వల్పం, 50 శాతం. 36 నుంచి 54 వస్తే మధ్యస్థం, 75 శాతం. 21 నుంచి 35 వస్తే తీవ్రం, 90 శాతం. 20, అంతకు తక్కువైతే 100 శాతం. 70 దాటి 84 లోపు వస్తే 25 శాతమే, పింఛనుకు కావాల్సిన 40 అందదు. మధ్యలో 60 శాతం, 80 శాతం అని బుద్ధిమాంద్యానికి విడిగా రావు. ‘మా వాడికి 75 ఇచ్చారు, 80 రాయించండి’ అని తిరిగేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

75 వచ్చినవాళ్లకు 80 దాటేది రెండో వైకల్యం కలిసినప్పుడే. అప్పుడు రెండు అంకెలనూ కూడరు. పెద్ద శాతాన్ని ‘క’ అనుకుందాం, చిన్నదాన్ని ‘చ’ అనుకుందాం. తొంభైలోంచి ‘క’ తీసేసి, దాన్ని ‘చ’తో గుణించి, తొంభైతో భాగించి, వచ్చినదాన్ని ‘క’కు కలుపుతారు. బుద్ధిమాంద్యం 75, కాళ్ల బిగుతు 40 అయితే: తొంభైలో 75 పోతే 15, పదిహేను నలభైలు ఆరువందలు, దాన్ని తొంభైతో భాగిస్తే 6.67, మొత్తం దాదాపు 82. ఈ అంకెతో యూడీఐడీ కార్డు, అంటే దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు, పసుపు (40 నుంచి 79) పోయి నీలం (80, ఆపైన) అవుతుంది. పాత పన్ను విధానంలో వైకల్యం ఉన్న బిడ్డ పోషణ కింద తండ్రికి వచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు 75,000 నుంచి 1,25,000కు పెరుగుతుంది. కానీ దీనికి ఎముకల డాక్టరూ విడిగా చూడాలి. పిల్లోడు సరిగా నడవకపోయినా స్లాట్‌లో ఒక్క రకమే పెడితే రెండో డాక్టర్ దగ్గరికి పంపరు. మాటలు రాని పిల్లలకు వినికిడి పరీక్ష సంగతీ ఇంతే.

ఆ రోజు పొద్దున టిఫిన్ పెట్టి, మందులు మానకుండా వేసి, ఇంకో పూటకు అన్నం కట్టుకొని పోవాలి. పరీక్షలో నిద్ర తూగితే స్కోరు నిజం చెప్పదు. ఇద్దరు పెద్దవాళ్లు తోడుండాలి: ఒకరు వరసలో, ఒకరు పిల్లోడి దగ్గర.

సర్టిఫికెట్ వచ్చాక చూసుకోవాల్సినవి పేరు, పుట్టిన తేదీ, వైకల్యం రకం, శాతం, శాశ్వతమా తాత్కాలికమా అన్నది. వీటిలో ఒక్కటి తేడా ఉన్నా ఫారం నింపొద్దు.

ఫారం–ఎ

గార్డియన్ అర్జీ పేరు ఫారం–ఎ. ఇది నేషనల్ ట్రస్ట్ నిబంధనల్లోనే ఉంది, వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, ఆన్‌లైన్‌లోనూ పెట్టవచ్చు. మేం కాగితం మీదే పెట్టాం. ఫైలు నడిపేది విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల ఆఫీసు, మన నోట్లో ‘వికలాంగుల ఏడీ ఆఫీసు’. అర్జీ పెట్టాల్సింది పిల్లోడు నివాసం ఉన్న జిల్లాలో. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక కదిరి, ధర్మవరం, హిందూపురం, పెనుకొండ వాళ్లకు అనంతపురం కాదు, పుట్టపర్తి. పాత కాగితాల మీద అనంతపురం జిల్లా అని ఉందని ఇక్కడికొచ్చి, పూటంతా కూర్చొని వెనక్కిపోయినవాళ్లున్నారు.

అర్జీ ఎవరు పెట్టవచ్చంటే: తల్లిదండ్రులు ఇద్దరూ కలిసి గాని ఒక్కరు గాని, తోబుట్టువులు, బంధువులు, నమోదైన సంస్థ. మేం అమ్మానాయన ఇద్దరి పేర్లతో పెట్టాం, ఒకరికి ఒంట్లో బాగలేకపోయినా రెండోవాళ్ల సంతకం చెల్లాలని. ఆడపిల్లకైతే మగ మనిషి ఒక్కడే గార్డియన్‌గా ఉండకూడదు. అన్నకు ఇవ్వాలంటే వదినతో కలిపి ఇస్తారు, అందులో వదినదే ప్రధాన బాధ్యత. ఈ నియమం తెలియక అన్న ఒక్కడి పేరుతో పెట్టిన ఫైళ్లు తిరిగొస్తాయి. గార్డియన్‌గా ఉండబోయే మనిషి భారత పౌరుడై ఉండాలి. క్రిమినల్ కేసులో శిక్ష పడినవాళ్లు, దివాలా తీసినవాళ్లు, తిండికి ఇంకొకరి మీద ఆధారపడినవాళ్లు పనికిరారు.

ఫారంతో పాటు జతచేసినవి ఇవి: పిల్లోడి పుట్టిన తేదీ రుజువు, సదరం, యూడీఐడీ, ఆధార్, గార్డియన్ల ఆధార్, పిల్లోడూ గార్డియన్లూ కలిసి ఉన్న ఫొటోలు, తహసీల్దార్ ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా తోబుట్టువుల అంగీకార పత్రం నోటరీతో, పిల్లోడి పేరు మీద ఉన్న ఆస్తి కాగితాలు. తల్లిదండ్రుల్లో ఒకరు చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం. ఫారం మీద ఇద్దరు సాక్షుల సంతకాలు. తల్లిదండ్రులు కాక వేరేవాళ్లు గార్డియన్ అవుతుంటే వాళ్ల ఒప్పుకోలు సంతకం తప్పనిసరి. మూడు సెట్లు చేసి, ఒక సెట్ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకొని ఇంట్లో పెట్టుకున్నాం. తర్వాత ప్రతి విచారణకూ ఆ ముద్ర తేదీయే ఆధారమైంది.

తోబుట్టువుల అంగీకారాన్ని చాలామంది చిన్న విషయం అనుకుంటారు. కమిటీకి ఉండే పెద్ద అనుమానం ఆస్తి గురించే. ఒక్క అన్న సంతకం లేకపోయినా ‘ఇంట్లో గొడవ ఉందేమో’ అని విచారణ పొడిగిస్తారు. బెంగళూరులో ఉన్న మనిషితో ఇక్కడి నోటరీ దగ్గర సంతకం పెట్టించాలని పండగ దాకా ఆగాల్సిన పని లేదు. అక్కడి నోటరీ దగ్గర చేసి పోస్టులో పంపినా తీసుకున్నారు.

ఆస్తి గడిలో పిల్లోడి పేరు మీద ఉన్నదే రాయాలి. నాయన పేరు మీద ఉన్న ఇల్లు, పొలం రాస్తే అనవసరమైన చిక్కు, వాటికి తర్వాత లెక్కలు చూపాల్సి వస్తుంది. ఏమీ లేకపోతే ‘లేదు’ అని రాయాలి, ఖాళీ వదలకూడదు. పింఛను మాత్రం ఆదాయంగా చూపాలి.

గార్డియన్ ఎందుకు కావాలి అన్న చోట నిదానంగా ఆలోచించి రాయాలి. కమిటీ రెండు చూస్తుంది: ఈ మనిషికి గార్డియన్ అవసరమా, అవసరమైతే ఏయే పనులకు. ‘పింఛను కోసం’ అని ఒక్క ముక్క రాస్తే ఆర్డరు కూడా అంతవరకే వచ్చే ప్రమాదం ఉంది. అప్పుడు బ్యాంకు వాళ్లు ‘ఇందులో ఖాతా అని లేదు కదమ్మా’ అంటారు. మేం రాసింది: ఒంటి బాగోగులు, వైద్యానికి అంగీకారం, బ్యాంకు ఖాతా తెరవడం, నడపడం, ప్రభుత్వ పథకాలు, ఫ్యామిలీ పెన్షన్, అతని పేరు మీదున్న ఆస్తి సంరక్షణ. అమ్మకం అని రాయలేదు. రాస్తే ప్రశ్నలు అక్కడే మొదలవుతాయి. మాకు ఆ అవసరమూ లేదు.

విచారణ, కమిటీ

ఫైలు లోపలికి పోయాక విచారణకు ఇంటికి వస్తారు. మా ఇంటికి సచివాలయం నుంచి వచ్చారు. పిల్లోడు ఎక్కడ పడుకుంటాడు, ఎవరు చూసుకుంటారు, ఆ ఇంటివాళ్లు చెప్పేది చుట్టుపక్కలవాళ్లు చెప్పేదానితో కలుస్తుందా అన్నవే చూశారు. ఇల్లు సర్ది పెట్టాల్సిన పనేం లేదు. పిల్లోడు ఇంట్లో ఉండాలి, అంతే.

కమిటీలో చట్టప్రకారం ముగ్గురు: కలెక్టర్ హోదాకు తగ్గని అధికారి ఒకరు, నేషనల్ ట్రస్ట్‌లో నమోదైన సంస్థ ప్రతినిధి ఒకరు, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు. కనీసం మూడు నెలలకొకసారి సమావేశం కావాలని చట్టంలోనే ఉంది. ఆ మాట గుర్తుపెట్టుకుంటే ఆఫీసులో ‘ఎప్పుడు సార్’ అని కాకుండా ‘ఈ మూడు నెలల మీటింగు ఏ తేదీన సార్, మా ఫైలు అజెండాలో ఉందా’ అని అడగవచ్చు. రెండో ప్రశ్నకు జవాబు వస్తుంది. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్ రెవెన్యూ భవన్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ముద్రపడిన నకలు జతచేసి అర్జీ ఇవ్వవచ్చు. దానికి నంబరు వస్తుంది.

సమావేశం రోజు పిల్లోడిని తీసుకురమ్మన్నారు. లోపల ఉన్నది కొద్ది నిమిషాలే. వాడి పేరు అడిగారు, అమ్మ ఎవరని అడిగారు, వాడు అమ్మ కొంగు పట్టుకున్నాడు. మిగతా ప్రశ్నలన్నీ మాకు: మీ తర్వాత ఎవరు చూస్తారు, వాడి డబ్బు ఎక్కడ పెడతారు, వాడి పేరు మీద ఆస్తి ఉందా. మొదటి ప్రశ్నకు జవాబు ముందే ఇంట్లో అనుకొని పోవాలి. అక్కడ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే బాగుండదు.

ఒప్పుకుంటే ఫారం–బి ఇస్తారు, గార్డియన్ నియామకం ధ్రువీకరించే కాగితం అదే. మా ఆర్డరులో స్థిరాస్తిని కమిటీ అనుమతి లేకుండా అన్యాక్రాంతం చేయరాదని, అంటే వేరేవాళ్ల పేరుకు మార్చరాదని, షరతు ఉంది.

బ్యాంకులో

ఫారం–బి పట్టుకొని ఒక బ్యాంకుకు పోతే కోర్టు ఆర్డరు తెమ్మన్నారు. ఇది ఎక్కువమందికి ఎదురయ్యేదే. కౌంటర్‌లో ఉన్న మనిషికి కోర్టు గార్డియన్ తెలుసు, కమిటీ గార్డియన్ తెలియదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ల విషయంలో లోకల్ లెవెల్ కమిటీ ఇచ్చిన గార్డియన్ సర్టిఫికెట్‌ను ఖాతా తెరవడానికి, నడపడానికి అంగీకరించవచ్చని రిజర్వ్ బ్యాంక్ 2007లోనే బ్యాంకులకు సర్క్యులర్ పంపింది. దాన్ని ప్రింటు తీసి, అర్జీకి జతచేసి, మేనేజర్‌కు ఇచ్చి, ‘వీలుకాదంటే ఆ మాటే రాతపూర్వకంగా ఇవ్వండి సార్’ అని అడగాలి. కౌంటర్‌లో గొంతు పెంచడం కంటే ఇది బాగా పనిచేస్తుంది. మాకు రీజినల్ ఆఫీసు నుంచి మాట వచ్చాక ఖాతా తెరిచారు. ఖాతా పేరు పిల్లోడిదే ఉండాలి, కింద గార్డియన్ పేరు రావాలి. అమ్మ పేరు మీద జాయింట్ ఖాతా తెరుస్తాం అంటే ఒప్పుకోవద్దు. అది పిల్లోడి డబ్బు అనడానికి రుజువు పోతుంది, ఏడాది లెక్కలు రాసేటప్పుడు తలనొప్పి అవుతుంది.

లెక్కలు: అందరూ మరిచిపోయేది

సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టించి గోడకు తగిలించినంత మాత్రాన పని అయిపోదు. నియామకం జరిగిన ఆరు నెలల్లోపు ఫారం–సి ఇవ్వాలి: పిల్లోడి ఆస్తులు, అతనికి రావాల్సినవి, అతను ఇవ్వాల్సినవి. తర్వాత ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో, అంటే జూన్ 30 లోపు, ఫారం–డి: ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది. ఇవ్వకపోతే ఆఫీసు నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు, ఇక ముందూ చేయకపోవచ్చు. కానీ రేపు ఏ బంధువైనా ‘పిల్లోడి డబ్బు తింటున్నారు’ అని నేషనల్ ట్రస్ట్ చట్టం 17వ సెక్షన్ కింద ఫిర్యాదు చేస్తే మన చేతిలో ఉండే కాగితం ఇదొక్కటే. ఆ సెక్షన్ కింద నిర్లక్ష్యం, వేధింపు, డబ్బు వాడుకోవడం రుజువైతే గార్డియన్‌ను తీసేయవచ్చు.

మేం రాసే పద్ధతి సులువు. ఒక రూళ్ల నోటుబుక్కు, నెలకొక పేజీ. ఎడమవైపు వచ్చింది: పింఛను 6,000. కుడివైపు పోయింది: ఫిట్స్ మందులు, డైపర్లు, స్కూలు ఆటో, బట్టలు. రసీదు ఉన్నదానికి నంబరు వేసి కవరులో పెడతాం. అన్నం, ఇంటి అద్దెలో వాటా లాంటివి రాయం, అవి ఇల్లు భరిస్తుంది. ఏడాదికి వచ్చింది 72,000. మిగిలింది అతని ఖాతాలోనే డిపాజిట్ చేసి, ఆ రసీదు నకలు ఫారం–డికి జతచేస్తాం. మందుల అంగట్లో బిల్లు పిల్లోడి పేరు మీద అడిగి తీసుకోవాలి. లేకపోతే నాయన బీపీ మాత్రలూ అందులోనే కలిసిపోతాయి.

ఫారం–బి వచ్చాక చేసిన మిగతా పనుల్లో ఒకటి నిరామయ. ఈ నాలుగు రకాల వైకల్యాలకే నేషనల్ ట్రస్ట్ పెట్టిన ఆరోగ్య బీమా అది, ఏడాదికి లక్ష రూపాయల వరకు. ముందుగా వైద్య పరీక్షలేమీ అడగరు, థెరపీ ఖర్చులకూ వర్తిస్తుంది. ఏటా రెన్యువల్ చేసుకోవాలి, తేదీ దాటితే అంతే. ఇంకొకటి ట్రెజరీలో నాయన పెన్షన్ కాగితాలకు పిల్లోడి వివరాలు, సదరం, ఫారం–బి నకళ్లు జతచేయించడం. తీసుకున్నట్టు సంతకం చేయించుకోకుండా బయటికి రావద్దు.

పింఛను విషయంలో ఒక జాగ్రత్త. 2025లో సదరం శాతాలను తిరిగి తనిఖీ చేసి, ఎంతోమందికి నోటీసులిచ్చారు. నోటీసు వస్తే పల్లెల్లో ఎంపీడీవోకు, పట్టణంలో మునిసిపల్ కమిషనర్‌కు అప్పీలు పెట్టుకొని, మళ్లీ పరీక్షకు పోవాలి. నోటీసు మీద రాసిన తేదీకి హాజరు కాకపోవడమే చాలామందికి దెబ్బ. పాత వైద్యం కాగితాలు, స్కూలు నివేదిక దాచుకున్నవాళ్లకు ఆ పరీక్ష తేలిక. గార్డియన్ సర్టిఫికెట్ ఉందని పింఛను ఆగదు, లేదని రాకపోదు. ఆ రెంటికీ సంబంధం లేదు.

గార్డియన్లలో ఒకరు చనిపోతే మరణ ధ్రువపత్రం నకలుతో కమిటీకి తెలపాలి, బ్యాంకులో సంతకం మార్పించాలి. ఇద్దరూ లేకపోతే తర్వాత చూసుకునే మనిషి కొత్తగా ఫారం–ఎ పెట్టాలి. వీలునామాలో ‘నా తర్వాత పెద్దకూతురు చూసుకుంటుంది’ అని రాసినంత మాత్రాన ఆమె గార్డియన్ అయిపోదు. ఆ రోజుకు కావాల్సిన కాగితాలన్నీ, అంటే అన్నదమ్ముల అంగీకారం తప్ప మిగతావన్నీ, ఒక ప్లాస్టిక్ ఫైలులో పెట్టి పైన నా పేరు రాసి బీరువాలో ఉంచాం. అంగీకారం మాత్రం అప్పటి తేదీతోనే కావాలి.